మోండా మార్కెట్ సందులో డీజిల్ బండి: మైలేజీ ఎవరికి, పొగ ఎవరికి? బీఎస్-6 లెక్క ఇదీ

పొద్దున్నే ఆరింటికి సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు వెళ్లారనుకోండి. స్టేషన్ వైపు నుంచి సందులోకి తిరగగానే కూరగాయల కంటే ముందు బండ్లు కనిపిస్తాయి. టమాటా ట్రేలు దించుతున్న ట్రాలీ ఆటోలు, ఉల్లిగడ్డ బస్తాలతో వచ్చిన చిన్న సరకు బండ్లు, వెనక్కి తీయడానికి తిప్పలు పడుతున్న ఒక డీసీఎం. సరకు దించేంతసేపు కొందరు ఇంజిన్ ఆపరు. సందుకు ఇరువైపులా గోనెసంచి పరుచుకుని కొత్తిమీర, పాలకూర అమ్మేవారి ముఖం దాదాపు ఆ బండ్ల పొగగొట్టం ఎత్తులోనే ఉంటుంది.

బండి యజమానిని అడిగితే, డీజిల్ అయితేనే గిట్టుబాటు అంటారు. కొత్త బండి కొనమంటే బీఎస్-6 ధర చూసి వెనకడుగు వేస్తారు. కొనడానికి వచ్చిన మీరేమో ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటారు. ఎవరి బాధ వారిది. ఎవరిదీ అబద్ధం కాదు.

వాహన కాలుష్య నిబంధనలు ఈ లెక్కను ఎలా మార్చాయి? వాటి వల్ల మైలేజీ నిజంగానే పడిపోయిందా? గాలి ఎంత బాగుపడింది? బండి కొనేవారు, అద్దెకు పిలిచేవారు, పక్కన నిలబడి ఆ గాలి పీల్చేవారు ఏం తెలుసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

డీజిల్‌కు మైలేజీ ఎందుకు ఎక్కువ?

దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి ఇంధనంలోనే ఉంది. డీజిల్ పెట్రోల్ కంటే చిక్కన. ఒక లీటరు డీజిల్‌లో అదే లీటరు పెట్రోల్ కంటే 10 శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. రెండోది ఇంజిన్‌లో ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే అది భగభగ వేడెక్కుతుంది, అందులోకి డీజిల్‌ను సన్నని తుంపరగా కొడితే దానంతట అదే మండుతుంది. గాలిని ఎంత గట్టిగా నొక్కితే ఇంధనం నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. అందుకే అదే బరువు లాగడానికి డీజిల్ ఇంజిన్ తక్కువ లీటర్లు తాగుతుంది.

దీనికి ఒకప్పుడు ధర కూడా తోడైంది. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోల్ లీటరు 73 రూపాయలు దాటితే, డీజిల్ 41 రూపాయల దగ్గరే ఉంది. రైతులు, రవాణా మీద భారం పడకూడదని ప్రభుత్వం డీజిల్ ధరను అదిమి పట్టింది. ఆ సబ్సిడీని అందుకుని కార్లు కొనేవాళ్లూ డీజిల్ వైపు పరుగెత్తారు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా కరుగుతూ వచ్చింది. 2025లో హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 107 రూపాయల 50 పైసలు, డీజిల్ 95 రూపాయల 70 పైసలకు అటూఇటూగా ఉంది. అంటే 32 రూపాయల తేడా 12 రూపాయలకు దిగింది.

మరి పొగతో గొడవ ఏంటి?

కట్టెల పొయ్యి గుర్తు చేసుకోండి. గాలి సరిగా ఆడకపోతే గిన్నె అడుగున మసి పడుతుంది. డీజిల్ ఇంజిన్ లోపల కూడా అంతే. తుంపర పడిన చోట్లలో కొన్నిటికి చాలినంత గాలి అందదు. అక్కడ మసి పుడుతుంది. బయటికి వచ్చే నల్లపొగ అదే. అందులో చాలావరకు పీఎం 2.5 కణాలు, అంటే 2.5 మైక్రాన్ల కంటే సన్ననివి. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. అంత సన్నని కణం ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోపలి వరకు వెళ్తుంది.

పొయ్యి మంట పెంచితే మసి తగ్గుతుంది కదా అనుకోవచ్చు. తగ్గుతుంది, కానీ ఇంజిన్‌లో వేడి మరీ పెరిగితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. ఇవి కంటికి కనిపించవు. ఊపిరి గొట్టాలను మండిస్తాయి, ఆస్తమా ఉన్నవారికి ఇబ్బంది పెంచుతాయి, ఎండలో ఓజోన్ ఏర్పడటానికీ తోడ్పడతాయి. వేడి తగ్గిస్తే మసి పెరుగుతుంది, మసి తగ్గిస్తే ఈ ఆక్సైడ్లు పెరుగుతాయి. డీజిల్ ఇంజనీర్ల తలనొప్పి మొత్తం ఈ తక్కెడలోనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2012 జూన్‌లో డీజిల్ పొగను మొదటి గ్రూపులో చేర్చింది. మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని తగిన ఆధారాలున్న పదార్థాల జాబితా అది. దీని అర్థం మార్కెట్‌కు వెళ్లి వచ్చిన ప్రతిసారీ భయపడాలని కాదు. ఎంత పొగ, ఎన్ని గంటలు, ఎన్నేళ్లు అన్నదే ముఖ్యం. మీరు సందులో ఉండేది అరగంట. హమాలీలు, గంప ముందు కూర్చున్నవారు ఉండేది రోజంతా, ఏళ్ల తరబడి.

హైదరాబాద్‌కు ఏ నిబంధన ఎప్పుడొచ్చింది?

బీఎస్ అంటే భారత్ స్టేజ్. బండి పొగగొట్టం నుంచి కిలోమీటరుకు ఎంత వరకు ఏ కాలుష్యం రావచ్చో చెప్పే కేంద్ర ప్రమాణాలు ఇవి. ఐరోపా యూరో ప్రమాణాల బాటలోనే వచ్చాయి.

2010 ఏప్రిల్‌లో బీఎస్-4ను ముందుగా 13 నగరాల్లో అమలు చేశారు. వాటిలో హైదరాబాద్ ఒకటి. మిగతా దేశమంతా అప్పుడు బీఎస్-3. దీంతో చిత్రమైన పరిస్థితి వచ్చింది. నగరంలో కొన్న కారు ఒక ప్రమాణం, జిల్లాల నుంచి కూరగాయలు మోసుకొచ్చే లారీ ఇంకో ప్రమాణం. ఆ లారీ నింపుకొచ్చే డీజిల్‌లో గంధకం 350 పీపీఎం వరకు ఉండొచ్చు. నగరంలోని బంకులో అమ్మే డీజిల్‌లో 50 పీపీఎం దాటకూడదు. గాలికి మాత్రం నగర సరిహద్దు తెలియదు.

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 వచ్చింది. ఆ రోజు నుంచి బీఎస్-3 బండ్ల అమ్మకం చెల్లదని సుప్రీంకోర్టు మూడు రోజుల ముందే తీర్పిచ్చింది. ఇక బీఎస్-5ను వదిలేసి నేరుగా బీఎస్-6కు దూకాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

తేడా ఎంతో కార్ల అంకెల్లో చూడండి. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన మసి కణాలు బీఎస్-3లో 50 మిల్లీగ్రాములు, బీఎస్-4లో 25, బీఎస్-6లో 4.5. నైట్రోజన్ ఆక్సైడ్లు అదే వరసలో 500, 250, 80 మిల్లీగ్రాములు. పరిమితుల ప్రకారం చూస్తే, ఒక బీఎస్-3 డీజిల్ కారు వదిలే మసి పదకొండు బీఎస్-6 కార్ల మసితో సమానం.

డీజిల్‌లో గంధకం కూడా 10 పీపీఎంకు దిగింది. ఈ మార్పు లేకపోతే కొత్త ఫిల్టర్లు పనిచేసేవే కావు, గంధకం వాటిలోని రసాయన పూతను పాడు చేస్తుంది. ఇంధనం బంకులన్నిటిలో మారింది కాబట్టి పాత బండ్లకూ కొంత మేలు జరిగింది. కానీ ఇంధనం మారినంత మాత్రాన పాత ఇంజిన్ కొత్తది అయిపోదు.

ప్రయోగశాలలో శుభ్రంగా, రోడ్డు మీద మురికిగా నడిచే బండ్ల సంగతి 2015లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారంతో ప్రపంచమంతా తెలిసింది. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ కార్లలో పెట్టింది. అందుకే బీఎస్-6 రెండో దశలో, 2023 ఏప్రిల్ నుంచి, రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా పొగ కొలిచే పద్ధతి తెచ్చారు.

గాలి బాగుపడాలంటే మైలేజీ వదులుకోవాలా?

కొంత నిజం, కొంత అపోహ. బీఎస్-6 డీజిల్ బండిలో మామూలుగా మూడు ఏర్పాట్లు కనిపిస్తాయి. బండిని బట్టి వీటిలో ఏవి ఉంటాయో మారుతుంది.

మొదటిది ఈజీఆర్. బయటికి పోయే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపి వేడి తగ్గిస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, ఇంధనం వాడకంపై కొంచెం భారం పడుతుంది.

రెండోది డీపీఎఫ్, అంటే మసిని పట్టే వడపోత. టీ వడకట్టే జల్లెడలాగా మసిని ఆపుతుంది. మసి నిండేకొద్దీ పొగ బయటికి రావడానికి ఇంజిన్ కాస్త ఎక్కువ కష్టపడాలి. నిండిన మసిని కాల్చేయడానికి అప్పుడప్పుడు అదనంగా డీజిల్ కూడా వాడుతుంది. ఇక్కడా మైలేజీ కొంచెం పోతుంది.

మూడోది ఎస్‌సీఆర్. ఇందులో యూరియా ద్రావణం వాడతారు. డ్రైవర్లు డీఈఎఫ్ అనో యాడ్‌బ్లూ అనో పిలిచే ద్రవం ఇదే. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను ఇది మామూలు నైట్రోజన్, నీటి ఆవిరిగా మారుస్తుంది. దీనివల్ల ఒక లాభం ఉంది. పొగను తర్వాత ఎలాగూ శుభ్రం చేస్తారు కాబట్టి ఇంజిన్‌ను మంచి మైలేజీ వచ్చేలా వేడిగా నడపవచ్చు. అందుకే పెద్ద లారీల్లో బీఎస్-6 వచ్చాక మైలేజీ తప్పనిసరిగా పడిపోవాలనేమీ లేదు. కానీ డీఈఎఫ్ ఖర్చు కొత్తగా చేరింది. ఇది 32.5 శాతం శుద్ధమైన యూరియా ఉండే ద్రావణం. పొలంలో చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోస్తే ఖరీదైన పరికరం పాడవుతుంది.

అంటే మైలేజీ నష్టం జనం అనుకునేంత పెద్దది కాదు. అసలు భారం బండి ధరలో, మరమ్మతుల్లో పడింది. చిన్న డీజిల్ కార్లు దాదాపు మాయమవడానికి కారణం ఇదే. చిన్న ఇంజిన్‌కైనా, పెద్ద ఇంజిన్‌కైనా ఈ పరికరాల ఖర్చు పెద్దగా తగ్గదు. పది లక్షల లోపు కారు మీద అది చాలా బరువు. మారుతి సుజుకి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేసింది.

ఇరుకు సందుకూ డీపీఎఫ్‌కూ ఎందుకు పడదు?

డీపీఎఫ్‌లో నిండిన మసి కాలిపోవాలంటే దాదాపు 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంతో కొంతసేపు వెళ్తే ఆ వేడి వస్తుంది.

ఇప్పుడు మోండా బండి రోజు చూడండి. బోయిన్‌పల్లి హోల్‌సేల్ మార్కెట్‌లో సరకు ఎత్తుకుని పది కిలోమీటర్ల లోపే ఉన్న మోండాకు రావాలి. దారిలో ప్యారడైజ్ దగ్గర సిగ్నళ్లు, ఆర్పీ రోడ్డు రద్దీ, చివర నడక వేగంతో సందులోకి. సరకు దించి మళ్లీ అదే దారి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. మసి కాలేది తక్కువ, పేరుకునేది ఎక్కువ. కొన్నాళ్లకు డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, పికప్ పడిపోతుంది, షెడ్డుకు వెళ్తే పెద్ద బిల్లు వస్తుంది.

ఆ బిల్లు తప్పించుకోవడానికి కొందరు డీపీఎఫ్‌ను పీకేయిస్తారు. బండి కులాసాగా నడుస్తుంది. కానీ ఆ క్షణం నుంచి అది పేరుకే బీఎస్-6. తయారీదారు ఇచ్చిన రూపం మార్చడం మోటారు వాహన చట్టం ప్రకారం నేరం, వారంటీ కూడా పోతుంది. అంతకంటే ముఖ్యం, అదనంగా ధర పెట్టి కొన్న శుభ్రతను మనమే తీసి పారేసినట్లు అవుతుంది.

ఇక్కడే డీజిల్ చర్చలో అసలు ముడి ఉంది. డీజిల్ పొగ మనుషులకు ఎక్కువ హాని చేసేది ఇరుకు సందుల్లో, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో. అదే చోట డీజిల్ తన యజమానికి ఇచ్చే లాభం కూడా అతి తక్కువ.

డబ్బు లెక్క వేస్తే?

ఒక ఉదాహరణ చూద్దాం. మైలేజీ అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీ బండి అంకెలు పెట్టి మీరే తిరిగి వేసుకోవచ్చు.

డీజిల్ చిన్న సరకు బండి లీటరుకు 18 కిలోమీటర్లు, పెట్రోల్ బండి 14 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. పైన చెప్పిన ధరల ప్రకారం కిలోమీటరుకు డీజిల్ ఖర్చు 5 రూపాయల 32 పైసలు, పెట్రోల్ ఖర్చు 7 రూపాయల 68 పైసలు. డీజిల్‌తో కిలోమీటరుకు 2 రూపాయల 36 పైసలు మిగులుతాయి.

ఇక బండి ధర. 2025 జూన్‌లో వచ్చిన టాటా ఏస్ ప్రో పెట్రోల్ ప్రారంభ ధర 3.99 లక్షలు, ఎలక్ట్రిక్ 6.50 లక్షలు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన డీజిల్ ఏస్ గోల్డ్ ప్లస్ ప్రారంభ ధర 5.52 లక్షలు. ఇవి సరిగ్గా ఒకే సామర్థ్యం ఉన్న బండ్లు కావు. ఏస్ ప్రో 750 కిలోలు మోస్తే, గోల్డ్ ప్లస్ 900 కిలోలు మోస్తుంది. అయినా తేడా ఎంతో అంచనా వేయడానికి పనికొస్తాయి. డీజిల్‌కు అదనంగా లక్షన్నర అనుకుందాం.

ఏడాదికి 300 రోజులు నడిపితే:

- రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే బండికి డీజిల్‌తో మిగిలేది ఏడాదికి సుమారు 14,160 రూపాయలు. ఆ లక్షన్నర తిరిగి రావడానికి పదేళ్లు దాటుతుంది.
- రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది సుమారు 35,400. నాలుగేళ్లకు పైగా పడుతుంది.
- రోజుకు 100 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది సుమారు 70,800. రెండేళ్లకు కాస్త పైన అసలు వచ్చేస్తుంది.

సిద్దిపేట, వికారాబాద్ వైపు నుంచి రోజూ సరకు తెచ్చే బండికి డీజిల్ ఇప్పటికీ అర్థవంతమే. పైగా హైవే మీద దాని డీపీఎఫ్ కూడా ఆరోగ్యంగా ఉంటుంది. బోయిన్‌పల్లి, మోండా మధ్య తిరిగే బండికి అదే డీజిల్ గిట్టుబాటు కావడం కష్టం.

ఎలక్ట్రిక్ సంగతి? ఒక యూనిట్ కరెంటుకు 7 కిలోమీటర్లు, యూనిట్ 10 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. పెట్రోల్‌తో పోలిస్తే కిలోమీటరుకు 6 రూపాయల పైనే మిగులుతుంది. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే అదనంగా పెట్టిన రెండున్నర లక్షలు మూడేళ్ల లోపే తిరిగి వస్తాయి. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి అమల్లోకి వచ్చిన విధానం ప్రకారం, 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. తేలికపాటి సరకు బండ్లకూ ఇది వర్తిస్తుంది.

అయితే కాగితం మీద లెక్క వేరు, బస్తీలో బతుకు వేరు. అద్దె ఇంట్లో ఉంటూ రోడ్డు పక్కన బండి ఆపుకునేవారికి రాత్రి చార్జింగ్ ఎక్కడ? ఫైనాన్స్ వడ్డీ ఎంత? ముందుగా కట్టాల్సిన మొత్తం ఎవరిస్తారు? వీటికి జవాబు దొరికే వరకు చాలామంది ఏళ్లనాటి పాత డీజిల్ బండినే నెట్టుకొస్తారు. వారిని తప్పుపట్టే ముందు ఈ ఇబ్బంది గుర్తుంచుకోవాలి.

పాత బండ్లను ఆపేస్తే సరిపోతుందా?

ఢిల్లీ ఆ పని చేసి చూసింది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు అక్కడ తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశిస్తే, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఇంధనం పోయకూడదన్నారు. జనం గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజులకే ఆ ఆదేశం ఆగింది. ఆగస్టులో, వయసు ఒక్కటే చూసి యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, అంతకు పైబడిన బండ్లకే పరిమితం చేసింది.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. ఎనిమిదేళ్ల బీఎస్-4 బండి, పద్నాలుగేళ్ల బీఎస్-3 బండి, డీపీఎఫ్ పీకేసిన రెండేళ్ల బీఎస్-6 బండి. ఈ మూడింటిలో ఎక్కువ పొగ వదిలేది ఏదో వయసు చూసి చెప్పలేం. చూడాల్సింది ప్రమాణం, దాంతోపాటు నిర్వహణ.

హైదరాబాద్‌లో ఢిల్లీ తరహా వయసు నిషేధం లేదు. ప్రభుత్వం మరో దారి ఎంచుకుంది. 2025 జులైలో ఔటర్ రింగ్ రోడ్డు లోపల 65 వేల కొత్త ఆటోలకు అనుమతిస్తూ, వాటిలో 20 వేలు ఎలక్ట్రిక్, 10 వేలు సీఎన్‌జీ, 10 వేలు ఎల్‌పీజీ, మరో 25 వేలు పాత వాటిని ఎలక్ట్రిక్‌గా మార్చినవి ఉండాలని చెప్పింది. డీజిల్‌కు అందులో చోటు లేదు. కానీ ఇది ప్రయాణికుల ఆటోల సంగతి. కూరగాయల ట్రాలీలకు ఇంత స్పష్టమైన దారి ఇంకా కనిపించడం లేదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే బండి శుభ్రమైనట్లేనా?

పూర్తిగా కాదు. డీజిల్ బండికి పీయూసీ పరీక్షలో చూసేది ఒక్కటే, పొగ ఎంత చిక్కగా ఉందో. బండిని నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి, పొగ గుండా వెలుతురు ఎంత దాటుతుందో కొలుస్తారు. పరిమితి బీఎస్-4 బండికి 1.62, బీఎస్-6 బండికి 0.7. అంకె తగ్గేకొద్దీ పొగ పల్చన అని అర్థం.

ఈ పరీక్ష నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. కంటికి కనిపించనంత సన్నని కణాల లెక్కా చెప్పదు. బరువు మోస్తూ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి ఎంత వదులుతుందో కూడా తెలియదు. అయినా పరీక్ష వృథా కాదు. ఇంజెక్టర్ పాడైన బండిని, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిన బండిని ఇది పట్టిస్తుంది. అలాంటి బండి డీజిల్ కూడా ఎక్కువే తాగుతుంది. నల్లపొగ అంటే మండకుండా బయటికి పోతున్న మీ డబ్బే.

బీఎస్-4, బీఎస్-6 బండ్లకు సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది. అంతకంటే పాత వాటికి ఆరు నెలలు. కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే కేంద్ర చట్టం ప్రకారం గరిష్ఠంగా 10 వేల రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్స్‌పై తాత్కాలిక అనర్హత కూడా ఉండొచ్చు.

గాలి బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూపార్క్, సోమాజిగూడ వంటి కేంద్రాల రీడింగ్‌లు చూడొచ్చు. పీఎం 2.5కు మన దేశ వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 5. ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్ ఉండటంతో, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో దీన్ని చేర్చారు.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. నగర సగటు బాగున్న రోజున కూడా మార్కెట్ సందులో పరిస్థితి వేరుగా ఉండొచ్చు. పొగగొట్టం పక్కన ఉండే గాలిని దూరంలో ఉన్న యంత్రం కొలవదు. రెండోది, గాలిని పాడు చేసేది బండ్ల పొగ ఒక్కటే కాదు. రోడ్డు దుమ్ము, చెత్త తగలబెట్టడం, నిర్మాణ పనులు, పరిశ్రమలూ ఉన్నాయి. నిబంధనలు కఠినం చేసినా ఏక్యూఐ వెంటనే సగానికి పడిపోకపోవడానికి ఇదీ ఒక కారణం.

మీరేం చేయొచ్చు?

కొత్త సరకు బండి కొంటుంటే: ముందు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో నెల రోజులు రాసుకోండి. 50 లోపైతే పెట్రోల్, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ ధరలు కూడా అడిగాకే నిర్ణయించండి. షోరూమ్ వాళ్లు చెప్పే మైలేజీ కాకుండా అదే బండి నడుపుతున్నవారిని అడగండి.

ఇప్పటికే బీఎస్-6 డీజిల్ ఉంటే: డీపీఎఫ్ దీపం వెలిగితే పట్టించుకోకుండా తిరగొద్దు. మాన్యువల్‌లో చెప్పినట్లు ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో కొంతసేపు నడిపితే చాలాసార్లు సరిపోతుంది. ఆరంభంలో అరగంట డ్రైవ్‌తో పోయేది ఆలస్యం చేస్తే షెడ్డు బిల్లు అవుతుంది.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే: ఢిల్లీలో గడువు ముగియబోయే డీజిల్ కార్లు ఎన్‌ఓసీతో ఇతర రాష్ట్రాలకు వస్తుంటాయి. ధర తక్కువని తొందరపడకండి. ఆర్‌సీలో ఉద్గార ప్రమాణం, తయారీ తేదీ చూడండి. 2019 ఏప్రిల్ తర్వాత అమ్మిన బండ్లకు ముందు అద్దం మీద రంగు స్టిక్కర్ ఉంటుంది. డీజిల్‌కు నారింజ, పెట్రోల్, సీఎన్‌జీలకు లేత నీలం. పైన ఆకుపచ్చ పట్టీ ఉంటే బీఎస్-6. డీపీఎఫ్ అసలు ఉందో లేదో మెకానిక్‌తో కింద నుంచి చూపించుకోండి.

అద్దెకు బండి పిలుస్తుంటే, దుకాణం నడుపుతుంటే: సరకు దించేటప్పుడు ఇంజిన్ ఆపమని అడగండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, పైగా డీజిల్ మిగులుతుంది. పది బండ్లు పది నిమిషాలు ఇంజిన్ ఆపినా ఆ సందులో కూర్చున్నవారికి తేడా తెలుస్తుంది.

కేవలం కూరగాయలకే వెళ్తుంటే: ఆస్తమా ఉన్నవారు, చిన్నపిల్లలతో వెళ్లేవారు సరకు దించే రద్దీ తగ్గాక వెళ్లడం మేలు. బట్ట కర్చీఫ్ సన్నని కణాలను పెద్దగా ఆపదు. ఆపాలంటే ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్-95 మాస్క్ కావాలి.

బీఎస్-6 కొత్త బండ్ల పొగను బాగా తగ్గించింది, అందులో సందేహం లేదు. కానీ రేపు పొద్దున మోండా సందులో మీరు పీల్చే గాలి, షోరూమ్‌లో ఉన్న బండి మీద ఆధారపడదు. ఆ సందులో ఇంజిన్ ఆపకుండా నిలబడ్డ బండి మీద, దాన్ని మార్చుకునే స్తోమత ఆ యజమానికి ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. నిబంధన రాసేవాళ్లు, సబ్సిడీ ఇచ్చేవాళ్లు చూడాల్సిందీ అక్కడే.